పంచదార తగ్గించిన జామ్ ఏడాది నిలవదు

సంపాదకులకు,

అయ్యా,

జనవరి మొదటి ఆదివారం నాటి మీ అనుబంధంలో, మిద్దె తోటలో పండిన స్ట్రాబెర్రీలతో ఇంట్లోనే జామ్ కాచుకునే విధానాన్ని వంటల పుటలో ప్రచురించారు. కుండీల్లో నాలుగు మొక్కలు పెట్టుకున్న వాళ్లను కూడా పొయ్యి దగ్గరికి నడిపించే రాత అది. అందుకు ముందుగా కృతజ్ఞతలు. అయితే అందులో రెండు కప్పుల పండ్ల ముక్కలకు అర కప్పు పంచదార చాలునని, నిమ్మరసం ఇష్టమైతేనే వేసుకోవచ్చునని, తీగపాకం వచ్చేదాకా ఉడికించాలని, అలా చేసిన జామ్‌ను సీసాలో పోసి అలమరలో పెడితే ఏడాది పొడుగునా నిలవ ఉంటుందని రాశారు. ఈ నాలుగు మాటలూ ఒకదానితో ఒకటి పొసగవు. జూనియర్ కళాశాలలో ఇరవై ఎనిమిదేళ్లు గృహవిజ్ఞానం బోధించి, విశ్రాంతి తీసుకున్నాక హైదరాబాద్‌లోని మా మిద్దె మీద ఆరేళ్లుగా స్ట్రాబెర్రీ పెంచుతున్న దాన్ని కనుక, ఆ పొసగకపోవడం ఎక్కడుందో చెప్పడం నా బాధ్యత అనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

చదివిన రోజునే రాయవలసింది. వంటల పుటలో ఇలాంటివి వస్తూనే ఉంటాయి, ఎవరు చేస్తారులే అని ఊరుకున్నాను. మా పక్కింటి కోడలు చేసింది. ఆ అమ్మాయి తన కుండీల్లోని 600 గ్రాముల పండ్లను మీరు చెప్పిన కొలత ప్రకారం కాచి, రెండు పావుకిలో సీసాలకు నింపి, మిగిలినది గిన్నెలో ఉంచుకొని, సీసాలను గిన్నెల బీరువాలో పైఅరలో దాచింది. పన్నెండో రోజున ఒక సీసాను తువ్వాలులో చుట్టుకొని మా ఇంటికి తెచ్చింది. మూత తిప్పగానే కల్లు కుండ దగ్గర వచ్చే లాంటి పులిసిన వాసన వచ్చింది. పైన పావలా కాసంత వెడల్పున మూడు చోట్ల బూజు, నడుమ బూడిద రంగు, అంచున తెలుపు. ‘‘పైది తీసేస్తే కింద బాగానే ఉంటుంది కదా పిన్నిగారూ?’’ అని అడిగింది. ఉండదని చెప్పాను. బూజు పైకి కనిపించేది కొంతే; దాని పోగులు కంటికి కనపడకుండా కిందికి దిగి ఉంటాయి, కొన్ని రకాల బూజులు విషపదార్థాలను కూడా విడుదల చేస్తాయి, కనుక గరిటెతో పైపొర తీసి మిగిలినది పిల్లలకు పెట్టడం తగదు. రెండు సీసాలూ పారబోయించాను. రెండు నెలలు నీళ్లు పోసి, ఉడుతల నుంచి కాపాడుకొని, లెక్కపెట్టుకొని కోసిన పండ్లవి. ఆ అమ్మాయి ముఖం చూడలేకపోయాను.

జామ్‌లో పంచదార తీపి కోసమే వేస్తారనుకోవడం దగ్గర ఈ పొరపాటు మొదలైంది. రక్తపోటుకు మంచిదని ఆవకాయలో ఉప్పును పావు వంతుకు తగ్గించి, జాడీలో పెట్టి, వచ్చే ఉగాది దాకా నిశ్చింతగా తినండని మీ పుటలోనే ఎవరైనా రాస్తే ఏమవుతుంది? జాడీకి వాసెన కట్టే ప్రతి ఇల్లాలూ మీకు ఉత్తరం రాస్తుంది. ఉప్పు తగ్గితే ఊరగాయ బూజు పడుతుందని మనకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. అత్తగారి కంఠస్వరంలోనే అది మన చెవుల్లో ఉంది. జామ్‌లో పంచదార చేసే పని అచ్చంగా ఆవకాయలో ఉప్పు చేసే పనే. పండులోని నీటిని అది తనకు కట్టేసుకుంటుంది. బూజు మొలకెత్తడానికీ, ఈస్టు పులియబెట్టడానికీ కావలసిన నీరు వాటికి అందకుండా చేస్తుంది. జామ్ మనకు బజారు సీసాలోంచి వచ్చిన పరాయి వంటకం కావడం వల్ల, దాని ఉప్పు ఏదో మనకు గుర్తుపట్టడం తెలియలేదు, అంతే.

ఇక లెక్క చూద్దాం. మీ వ్యాసం వచ్చిన రోజు సాయంత్రమే కుతూహలం కొద్దీ తూచి చూశాను: రెండు కప్పుల స్ట్రాబెర్రీ ముక్కలు 300 గ్రాములు, అర కప్పు పంచదార 100 గ్రాములు తూగాయి. అంటే కిలో పండ్లకు సుమారు 330 గ్రాముల పంచదార అన్నమాట. కిలో స్ట్రాబెర్రీలో 900 గ్రాములకు పైగా నీరే ఉంటుంది; కరిగి ఉండే పదార్థం, అంటే పండు సొంత చక్కెర, పులుపు వగైరా, మహా అయితే 80 గ్రాములు. బయట నిలవ ఉండే జామ్‌లో ఈ కరిగిన పదార్థం మొత్తం తూకంలో 65 శాతం తగ్గకూడదు. ఇది నా సొంత నియమం కాదు. భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2011 నాటి నిబంధనల్లో జామ్ అని పేరు పెట్టి అమ్మే ప్రతి సరుకుకూ విధించిన కనీస పరిమితి. 330 గ్రాములకు 80 కలిపితే 410 గ్రాములు. అది 65 శాతం కావాలంటే జామ్ మొత్తం 630 గ్రాములే మిగలాలి, అంటే 1,330 గ్రాములతో పొయ్యి ఎక్కించిన గిన్నెలోంచి 700 గ్రాముల నీరు ఆవిరైపోవాలి. అంతసేపు ఉడికిస్తే స్ట్రాబెర్రీకి ప్రాణమైన ఆ వాసన వంటింటి కిటికీలోంచి వెళ్లిపోతుంది, ఎరుపు ఇటుక రంగుకు దిగుతుంది. ఎవరూ అంతసేపు ఉడికించరు. పక్కింటి అమ్మాయి కూడా చిక్కబడినట్టు అనిపించగానే దించింది. ఆమె సీసాల్లోనూ గిన్నెలోనూ ఉన్నదంతా దాదాపు 550 గ్రాములు. నా లెక్కలో అందులో కరిగిన పదార్థం 45 శాతం. 45 శాతం చక్కెర బూజును ఆపదు; విందుకు పిలుస్తుంది.

అదే కిలో పండ్లకు కిలో పంచదార వేస్తే లెక్క మారిపోతుంది. 1,080 గ్రాముల కరిగిన పదార్థానికి జామ్ 1,660 గ్రాముల దాకా ఉండవచ్చు. రెండు కిలోల్లోంచి 340 గ్రాముల నీరు పోతే చాలు, పెద్ద మంట మీద పావుగంట, ఇరవై నిమిషాల్లో పని అయిపోతుంది, వాసన నిలుస్తుంది. తీపి మరీ ఎక్కువనుకునే వారు పంచదారను 750 గ్రాములకు తగ్గించవచ్చు. అప్పుడు జామ్ 1,280 గ్రాములకు దిగేదాకా మరికాసేపు కాచాలి. నేను చేసేది ఈ రెండో పద్ధతి. గిన్నెను ఖాళీగా ఒకసారి తూచి ఆ అంకెను మూత వెనక కాగితం మీద అంటించి ఉంచుకుంటాను. జామ్ దగ్గరపడ్డాక గిన్నెతో సహా తూకం మీద పెడతాను. వంటింట్లో తూకం ఉన్నవారికి ఇంతకంటే నమ్మకమైన పరీక్ష లేదు. కప్పు కొలతలు పులిహోరకు సరిపోతాయి కానీ జామ్‌కు సరిపోవు, ఎందుకంటే ముక్క చిన్నదైతే కప్పులో ఎక్కువ పండు పడుతుంది, పెద్దదైతే తక్కువ పడుతుంది.

పంచదార తగ్గించుకోవాలనే కోరిక తప్పు కాదు. మధుమేహం లేని ఇల్లు ఈ రోజుల్లో అరుదు. కానీ తగ్గించిన వారు నిలవను వదులుకోవాలి. కిలోకు 330 గ్రాములే వేసుకోండి, కాచండి, చిన్న సీసాల్లో పోసి ఫ్రిజ్‌లో పెట్టి, రెండు మూడు వారాల్లో తినేయండి. అది చాలా రుచిగా ఉంటుంది, నేను కాదనను. లేదా ఏడాది నిలవ కావాలనుకుంటే నిండుగా పంచదార వేసి, చపాతీకి చెంచాకు బదులు అర చెంచా రాసుకోండి. మీ వ్యాసం ఈ రెండు దారులనూ ఒకే సీసాలో పోయబోయింది. పంచదార బదులు కృత్రిమ తీపి బిళ్లలు వేస్తే నాలుకకు తీపి తెలుస్తుందే తప్ప నీటిని కట్టే శక్తి వాటికి లేదు. బెల్లంతో నేను ఒకసారి ప్రయత్నించాను. నలుపు తిరిగింది, స్ట్రాబెర్రీ రుచిని బెల్లం మింగేసింది, నురగ మాత్రం దండిగా వచ్చింది. మామిడికాయతో బెల్లానికి కుదిరిన స్నేహం ఈ పండుతో కుదరదు.

నిమ్మరసం సంగతికి వస్తాను. దాన్ని ‘ఇష్టమైతే’ అన్న మాట కింద పడేయడం నాకు అన్నిటికంటే బాధ కలిగించింది. జామ్ గట్టిపడడానికి మూడు కావాలి: పెక్టిన్ అనే పండు జిగురు, తగినంత చక్కెర, తగినంత పులుపు. పులుపు చాలకపోతే పెక్టిన్ పోగులు ఒకదాన్నొకటి పట్టుకోవు. ఎంత కాచినా షర్బత్‌లాగానే ఉండిపోతుంది. మిద్దె మీద పూర్తిగా మాగనిచ్చి కోసే పండులో పులుపు తక్కువ. కిలోకు రెండు పెద్ద చెంచాల నిమ్మరసం, అంటే సుమారు 30 మిల్లీలీటర్లు, తప్పనిసరి. ఎర్రని రంగును కాపాడేది కూడా ఆ పులుపే. ఇక్కడ ఒక్క మాట న్యాయంగా చెప్పాలి: స్ట్రాబెర్రీ సహజంగానే పుల్లని పండు కావడం వల్ల, తగినంత వేడి చేయకుండా గాలి చొరనట్టు మూత బిగించిన కూరగాయల డబ్బాల్లో పుట్టే ప్రాణాంతకమైన బొట్యులిజం లాంటి విషం భయం దీనిలో దాదాపు లేదు. పాడైన జామ్ ప్రాణం తీస్తుందని నేను భయపెట్టడం లేదు. పాడవుతుందని మాత్రమే అంటున్నాను.

తీగపాకం అన్న మాట రాసిన వారు మంచి ఉద్దేశంతోనే, తెలుగు పాఠకులకు తెలిసిన కొలత కదా అని రాసి ఉంటారు. కానీ అరిసెలకూ, కజ్జికాయలకూ పాకం చూసి చూసి అలవాటైన చెయ్యే జామ్‌ను పాడు చేస్తుంది. సముద్ర మట్టం దగ్గర జామ్ 104 లేదా 105 డిగ్రీల సెల్సియస్ వద్ద దించాలి. తీగ సాగడం ఆ తరువాతి సంగతి. రెండు వేళ్ల మధ్య తీగ సాగే సరికి జామ్ సమయం దాటిపోయినట్టే. మొదటి ఏడాది నేను చేసిన తప్పు అదే. ఇన్నేళ్లు పాఠాలు చెప్పిన దాన్ని, పొయ్యి దగ్గర నిలబడగానే మా అమ్మ చేయి నా చేతిలోకి వచ్చి, తీగ వచ్చేదాకా ఆగమంది. మర్నాటికి సీసాలోకి చెంచా దిగలేదు. మా మనవడు చూసి, ‘‘నాయనమ్మా, ఇది జామ్ కాదు, తీర్థంలో అమ్మే జీళ్లు’’ అన్నాడు. వేడి నీళ్లలో సీసాను అరగంట ముంచి ఉంచితే గాని కదలలేదు.

ఉష్ణమాపకం ఉన్నవారు ఇంకొక విషయం గుర్తుంచుకోవాలి, దీన్ని వంట పుస్తకాలు తరచుగా వదిలేస్తాయి. ఎత్తు పెరిగే కొద్దీ నీరు తక్కువ వేడికే మరుగుతుంది. సుమారు 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున తగ్గుతుంది. హైదరాబాద్ దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది కనుక ఇక్కడ నీరు 98 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, జామ్‌ను 102, 103 మధ్య దించాలి. విశాఖపట్నంలో 104, 105 సరిపోతుంది. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని లంబసింగి ప్రాంతంలో ఇప్పుడు రైతులు స్ట్రాబెర్రీ పండిస్తున్నారు, చలి చూడడానికి వెళ్లిన వాళ్లు తోటలో తామే కోసి కొనుక్కొని వస్తున్నారు; అంత ఎత్తున అక్కడే జామ్ కాచే వారెవరైనా ఉంటే వారికి హైదరాబాద్ కంటే ఇంకో డిగ్రీ, డిగ్రీన్నర తక్కువకే పని అయిపోతుంది. ఏ ఊరైనా సరే, ముందు గిన్నెలో మంచినీళ్లు మరిగించి మాపకం ఎంత చూపుతుందో రాసుకొని, దానికి నాలుగు, నాలుగున్నర కలుపుకుంటే చాలు.

మాపకమూ తూకమూ రెండూ లేని ఇంట్లో స్టీలు పళ్లెం ఉంటుంది. దాన్ని ముందుగా డీప్ ఫ్రిజ్‌లో పెట్టాలి. జామ్ ఉడుకుతున్నప్పుడు మొదట పెద్ద పెద్ద బుడగలు గలగలమని లేచి పగులుతాయి, నురగ పైకి పొంగుతుంది. దగ్గరపడే కొద్దీ నురగ అణిగి, బుడగలు చిన్నవై, అన్నం గంజిలా బరువుగా, నిదానంగా తుకతుకలాడతాయి. ఆ చప్పుడు మారడాన్ని చెవి పట్టుకుంటుంది. అప్పుడు మంట తగ్గించి, చల్లని పళ్లెం మీద ఒక చుక్క వేసి, నిమిషం ఆగి, చూపుడు వేలితో పక్కకు నెట్టాలి. పాల మీద మీగడ ముడతలు పడినట్టు పైపొర ముడుచుకుంటే అయింది. నీళ్లలా జారిపోతే ఇంకో రెండు నిమిషాలు ఉడకాలి. పరీక్ష చేసినంతసేపూ మంట పెద్దగా ఉంచితే, మనం వేలు చూసుకునే లోపల గిన్నెలో సమయం దాటిపోతుంది.

స్ట్రాబెర్రీలో పెక్టిన్ తక్కువ. మా ప్రయోగశాలలో విద్యార్థినులకు దీన్ని చూపించడానికి ఒక చిన్న పద్ధతి ఉండేది: ఉడికించిన పండు రసం ఒక చెంచాడు, దానికి మూడింతలు స్పిరిట్ పోసి మెల్లగా తిప్పితే, పెక్టిన్ దండిగా ఉన్న రసం ఒకే గడ్డగా జెల్లీలా కడుతుంది, తక్కువ ఉన్నది పీలికలుగా విడిపోతుంది. ఆ రసాన్ని రుచి చూడకూడదు, పారబోయాలి. స్ట్రాబెర్రీ ఎప్పుడూ పీలికలే. జామకాయ మాత్రం గాజు నాళికను తిరగేసినా జారనంత గడ్డ కట్టేది. జామకాయ నుంచే జామ్ వచ్చిందని మా తరగతిలో ప్రతి ఏటా ఒక అమ్మాయైనా అనేది. మాట నిజం కాకపోయినా, పని నిజమే. దోర జామకాయ ఒకటి రెండింటిని గింజలతో సహా తరిగి, మునిగేటన్ని నీళ్లు పోసి అరగంట ఉడికించి, పలుచని గుడ్డలో వడగట్టి, పిండకుండా దానంతట అది కారిన రసాన్ని కిలో స్ట్రాబెర్రీలకు ఒక చిన్న గ్లాసు కలిపితే, బజారులో పెక్టిన్ పొడి కొనే అవసరం ఉండదు. జామ వాసన రాదా అంటే, కొద్దిగా వస్తుంది. నాకు అది ఇష్టమే. ఇష్టం లేనివారు నిమ్మగింజలనూ, తొక్క లోపలి తెల్లని భాగాన్నీ పలుచని గుడ్డలో మూటకట్టి జామ్‌తో పాటు ఉడికించి, చివర తీసేయవచ్చు. పండ్లలో కూడా పావు వంతు ఇంకా భుజాల దగ్గర తెలుపు వదలనివి ఉంటే మంచిది. దోరపండులో పెక్టిన్ ఎక్కువ.

మిద్దె తోట వాళ్లకు మరో ఇబ్బంది ఉంది, దాన్ని మీ వ్యాసం అసలు ప్రస్తావించలేదు: పండు ఒకేసారి చేతికి రాదు. ఏటా అక్టోబరులో మహాబలేశ్వరం వైపు నుంచి వచ్చే నారు తెచ్చి నాటుతాను. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన పంట అది. మన దేశంలో స్ట్రాబెర్రీ అనగానే అందరూ చెప్పే ఊరు. మొవ్వు మట్టిలో పూడిపోకుండా నాటి, ఎర్రమట్టి, పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు కలిపిన సంచుల్లో పైన వరిగడ్డి పరిస్తే పండు మట్టికి తగిలి కుళ్లదు. డిసెంబరు చివరికి కాపు మొదలై, ఎండ ముదిరే దాకా ఉంటుంది. మా 36 సంచుల నుంచి రెండు రోజులకొకసారి పావు కిలో వస్తే గొప్ప. అందులో ఉడుతలకూ పిగిలిపిట్టలకూ వాటా పోగా మిగిలేదే మాది. ఎర్రబడక ముందే కోసి, ఇంట్లో మాగేస్తామంటే కుదరదు. మామిడి, అరటి, సపోటా లాగా కోసిన తరువాత మాగే జాతి కాదిది, తీపి మొక్క మీద ఉండగానే రావాలి. కాబట్టి పొద్దున్నే ఎండెక్కక ముందు పండినవాటిని కోసి, ముచ్చిక తీయకుండానే గబగబా కడిగి (ముచ్చిక తీశాక కడిగితే లోపలికి నీళ్లు దిగుతాయి), ఆరబెట్టి, ముచ్చిక తీసి, తూచి, ఆ తూకానికి తగిన పంచదార చల్లి డబ్బాలో డీప్ ఫ్రిజ్‌లో పెడతాను. డబ్బా మీద తూకం రాస్తాను. కిలో అయ్యేసరికి వారం పైన పడుతుంది. గడ్డకట్టించిన పండులో పెక్టిన్ కొంత తగ్గుతుంది కనుక జామకాయ రసం ఆ గిన్నెకు మరింత అవసరం.

ఒకేసారి కోసిన పండు దొరికినా, పంచదార చల్లి రాత్రంతా ఉంచడం మంచి అలవాటు. తెల్లారేసరికి పంచదార పండులోని నీటిని బయటికి లాగి ఎర్రని రసం చేస్తుంది, ముక్క బిగుస్తుంది, మరునాడు ఉడికేటప్పుడు ముద్దయిపోదు. అడుగంటే భయం కూడా తగ్గుతుంది. కిలో పండ్ల కంటే ఎక్కువ ఒక గిన్నెలో వేయవద్దు. గిన్నె వెడల్పుగా, స్టీలుదై ఉండాలి. ఇనుప మూకుడూ అల్యూమినియం గిన్నే ఈ పులుపుకు పనికిరావు, రంగు మాయుతుంది, రుచి లోహపు రుచి అవుతుంది. చివర నురగ ఎక్కువగా ఉంటే గోళీకాయంత వెన్న వేసి తిప్పితే అణిగిపోతుంది. దించిన పదినిమిషాలు ఆగి సీసాల్లో పోయాలి, లేకపోతే ముక్కలన్నీ పైకి తేలి సీసా సగం ఎరుపు, సగం పాకంగా కనిపిస్తుంది. సీసాలను ముందుగా నీళ్లలో పది నిమిషాలు మరిగించి, వేడిగా ఉండగానే వేడి జామ్ పోసి, అంచు తుడిచి మూత బిగించాలి. చీకటి అలమరలో పెట్టాలి. ఈ ఎరుపు వెలుతురుకూ వేడికీ నిలవదు, మన ఎండాకాలం దాటాక గోధుమ రంగుకు తిరిగినా భయపడనక్కరలేదు, అది పాడవడం కాదు. మూత తీసిన సీసాను మాత్రం ఫ్రిజ్‌లోనే ఉంచి, తడి చెంచా పెట్టకూడదు. జాడీలో తడి చెయ్యి పెట్టవద్దన్న మాట మనకు కొత్తది కాదు కదా.

ఇంత శ్రమ ఎందుకు, బజారు సీసా కొనుక్కోవచ్చు కదా అని అడిగే వారికి ఒక అంకె చెబుతాను. మామూలు పండ్ల జామ్‌లో పండు తూకం కనీసం 45 శాతం ఉండాలన్న నిబంధనే స్ట్రాబెర్రీకి, రాస్ప్‌బెర్రీకి వచ్చేసరికి 25 శాతానికి సడలింది. అంటే బజారు సీసాలో నాలుగో వంతు స్ట్రాబెర్రీ ఉన్నా చట్టం ప్రకారం అది స్ట్రాబెర్రీ జామే. కిలోకు కిలో వేసి 1,660 గ్రాములకు దించిన మన ఇంటి జామ్‌లో అదే లెక్కన పండు 60 శాతం, 750 గ్రాములు వేసినదానిలో 78 శాతం. పంచదార నిండుగా వేసినా ఇంటి జామ్‌లో పండే ఎక్కువ. ‘ఆరోగ్యకరం’ అన్న మాట మీ శీర్షికలో పెట్టదలచుకుంటే ఈ అంకె మీద పెట్టి ఉంటే నేను సంతోషంగా ఒప్పుకునేదాన్ని.

కనుక వచ్చే ఆదివారం అనుబంధంలో, అదే వంటల పుటలో, కంటికి ఆనే చోట సవరణ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. కిలో ముచ్చిక తీసిన పండ్లకు 750 గ్రాముల నుంచి కిలో దాకా పంచదార అనీ, నిమ్మరసం 30 మిల్లీలీటర్లు తప్పనిసరి అనీ, తీగపాకం కాక చల్లని పళ్లెం మీద ముడత చూసి దించాలనీ, అంతకంటే పంచదార తగ్గించిన జామ్‌ను ఫ్రిజ్‌లోనే పెట్టి మూడు వారాల్లో ముగించాలనీ రాస్తే చాలు. కొలతలు కప్పుల్లో కాక గ్రాముల్లో వేయండి. ఇప్పటికే మీ పద్ధతిలో చేసి అలమరలో దాచుకున్న వారు ఒకసారి మూత తీసి చూసుకోవాలన్న హెచ్చరిక కూడా ఆ పక్కనే ఉండాలి.

ఆలస్యం చేయవద్దని మనవి. మిద్దెల మీద ఫిబ్రవరి దాటితే కాపు పలచబడుతుంది. పక్కింటి అమ్మాయి కుండీల్లో రెండో విడత పిందెలు తెలుపు తిరిగాయి, పది రోజుల్లో ఎర్రబడతాయి. నేను చెప్పినదంతా శ్రద్ధగా విని, ‘‘పేపర్లో అలా వేయలేదే పిన్నిగారూ’’ అంది.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు,
హైదరాబాద్